బండ మీద నిలబడి చూస్తే: లార్జి నుంచి కృష్ణ దాకా ఒక కేస్ స్టడీ

కృష్ణ ఒడ్డున ఒక జలవిద్యుత్ కేంద్రంలో 30 ఏళ్లకు పైగా ఆపరేషన్ షిఫ్టులు చూశాను. రిటైరయ్యాక గేటు ఆపరేటర్లకు, లాంచీ సరంగులకు, పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) మీద వేటకు వెళ్లే జాలర్లకు శిక్షణ ఇస్తున్నాను. ఎవరికి చెప్పినా మొదటి రోజు చెప్పే కేసు లార్జి, 2014లో ఆ డ్యామ్ కింద నదిలో విద్యార్థులు కొట్టుకుపోయిన ప్రమాదం. ‘అందులో పడవే లేదు కదా, మాకెందుకు?’ అని సరంగులు అడుగుతారు. పడవ లేకపోవడమే ఆ కేసులో మేలు. పడవ ఉంటే మాట వెంటనే లైఫ్ జాకెట్ల మీదికి, ఎక్కువమందిని ఎక్కించుకోవడం మీదికి మళ్లుతుంది. అవి లేకపోతే నది మాత్రమే మిగులుతుంది. డ్యామ్ కింద నది ఎలా నడుచుకుంటుందో అప్పుడు కనిపిస్తుంది.

2014 జూన్ 8, ఆదివారం. హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల నుంచి విహారయాత్రకు వెళ్లిన రెండో సంవత్సరం విద్యార్థులు సిమ్లా చూసుకుని మనాలి వైపు వెళుతున్నారు. హిమాచల్ ప్రదేశ్‌లో మండి జిల్లా తలోట్ దగ్గర బియాస్ నది పక్కన బస్సు ఆపారు. ఫొటోల కోసం కొందరు నదిలోని బండల మీదికి వెళ్లారు. సాయంత్రం 7 గంటల వేళ నీళ్లు పెరిగాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ల వెంట ఉన్న యాత్రా సిబ్బందిలో ఒకరు, మొత్తం 25 మంది కొట్టుకుపోయారు. పోయిన వాళ్లలో ఆరుగురు ఆడపిల్లలు. ఎగువన ఉన్నది 126 మెగావాట్ల లార్జి ప్రాజెక్టు. దిగువన ఉన్నది పండో జలాశయం. జాతీయ విపత్తు దళం, సైన్యం, నౌకాదళం గజ ఈతగాళ్లు వారాల తరబడి వెతికారు. నది అడుగున బురద, బండలు, మంచు కరిగి వచ్చిన చల్లటి నీళ్లు. సోనార్‌తో కూడా గాలించారు. కన్నవాళ్లలో కొందరు అక్కడే మకాం వేసి మృతదేహాల కోసం ఎదురుచూశారు.

ఒడ్డు మీద నుంచి ఎవరో తీసిన వీడియోను అప్పట్లో తెలుగు టీవీలన్నీ వేసిందే వేశాయి. నేను దాన్ని శిక్షణలో చూపించను. ఒకసారి చూపించి తప్పు చేశాను. కానీ అందులో గమనించాల్సింది ఒకటుంది, అది మాటల్లో చెబుతాను. పిల్లలు బండ మీద గుంపుగా, ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. పరుగెత్తడం లేదు. ‘ఎందుకు పరుగెత్తలేదు?’ అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నదిలో నీళ్లు పెరిగినప్పుడు మొదట మునిగేది బండ కాదు. బండకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లపు పాయ. వచ్చేటప్పుడు అరికాలు తడవకుండా దాటిన దారే మొదట మూసుకుపోతుంది. బండ మీద ఇంకా పొడిగానే ఉంటుంది కాబట్టి ప్రమాదం దగ్గరికి రాలేదనిపిస్తుంది. నిజానికి అప్పటికే దారి పోయింది. మోకాలి లోతు నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతో వస్తే రెండు కాళ్ల మీదా కలిపి దాదాపు 30 కిలోల తోపు పడుతుంది. వేగం మూడు మీటర్లయితే అది 60 కిలోలు దాటుతుంది. పాచి పట్టిన గుండ్రాళ్ల మీద అంత తోపుకు నిలబడగలిగిన మనిషిని నేను చూడలేదు.

ఇక పైన ఏం జరిగిందో చూద్దాం. లార్జిలో బియాస్ నీటిని డ్యామ్ దగ్గర సొరంగంలోకి మళ్లించి, నాలుగు కిలోమీటర్లకు పైగా కొండ లోపలి నుంచి తీసుకెళ్లి, దిగువన టర్బైన్ల మీదికి వదులుతారు. కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే, సుమారు 57 మీటర్ల హెడ్‌కు (నీరు దిగే ఎత్తుకు) లెక్క కడితే సెకనుకు 240 నుంచి 250 ఘనపు మీటర్ల నీరు సొరంగంలో పోతుంది. అంటే డ్యామ్‌కూ విద్యుత్ కేంద్రానికీ మధ్య అసలు నదిలో మిగిలేది తక్కువ. బండలు బయటపడి, అక్కడక్కడా మడుగులతో, దిగి ఆడుకోవడానికే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ అందం కేంద్రం నడుస్తున్నంతసేపే.

కేంద్రం ఎందుకు ఆగుతుంది? గ్రిడ్‌లో సరఫరా, వాడకం క్షణక్షణం సరితూగాలి. వాడకం పడిపోతే ఎక్కడో ఒకచోట ఉత్పత్తి దించాలి. మా భాషలో దాన్ని ‘బ్యాకింగ్ డౌన్’ అంటాం. ఏ కేంద్రం ఎంత ఉత్పత్తి చేయాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్ వస్తుంది, ‘ఇన్ని మెగావాట్లు దించండి’ అని. ఆ సాయంత్రం లార్జికి వచ్చింది అలాంటి ఆదేశమే. బొగ్గు కేంద్రంలో లోడ్ దించితే బొగ్గు మిగులుతుంది. ఇక్కడ నీళ్లు మిగలవు. టర్బైన్ దగ్గర దారి మూస్తే అవి డ్యామ్ వెనక లేవడం మొదలుపెడతాయి. లార్జి లాంటి ప్రవాహ ఆధారిత ప్రాజెక్టులో నిల్వకు చోటు కొద్దిదే. సొరంగం పూర్తిగా ఆగితే గంటకు దాదాపు తొమ్మిది లక్షల ఘనపు మీటర్లు అదనంగా వచ్చి పడతాయి. గేట్లు ఎత్తక తప్పదు. విద్యుత్ కోసం పక్కకు మళ్లించిన నది మొత్తం ఒక్కసారిగా తన పాత దారిలోకి తిరిగొస్తుంది.

విచారణలో బయటపడిన అంకెలు ఇవి. గేట్ల నుంచి పోతున్న నీరు సెకనుకు 20 ఘనపు మీటర్ల నుంచి మొదలై, 6.15కు 50, 6.45కు 150, 7 గంటలకు 450. మన లెక్కలో 450 అంటే 16 వేల క్యూసెక్కులకు కాస్త తక్కువ. తెలుగువాళ్లకు ఇది అంకెలా కూడా అనిపించదు. శ్రీశైలంలో ఒక్క గేటు పదడుగులు ఎత్తితేనే 27, 28 వేల క్యూసెక్కులు పోతాయి. ఆ నీటిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అందుకే నీళ్లు ఎన్ని అన్న ప్రశ్నను నా క్లాసులో పక్కన పెట్టిస్తాను. ఎంతసేపట్లో ఎన్ని రెట్లయ్యాయి అన్నదే అడగాలి. 6.15 నుంచి ముప్పావు గంటలో తొమ్మిది రెట్లు.

‘మెట్లు మెట్లుగానే పెంచారు కదా’ అని గేటు ఆపరేటర్లు అంటారు. వాళ్ల పక్షాన నిలబడి ఆలోచించాల్సిన మాటే అది, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాడినే. మెట్లున్నాయి. కానీ ఒక్కో మెట్టు అంతకు ముందున్న దానికి దాదాపు మూడింతలు. చివరి మెట్టు 300 ఘనపు మీటర్లు, అదీ పావుగంటలో. ఇంకో సంగతి కాగితం మీద కనిపించదు. లోతైన నీరు లోతు తక్కువ నీటి కంటే వేగంగా పరుగెత్తుతుంది. డ్యామ్ దగ్గర పావుగంట తేడాతో బయల్దేరిన చిన్న అల, పెద్ద అల కిందికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. పెద్దది చిన్నదాన్ని అందుకుంటుంది. పైన మూడు మెట్లుగా వదిలింది కింద ఒకే గోడలా రావచ్చు. హెచ్చరికగా పనికొస్తుందనుకున్న మొదటి చిన్న పెరుగుదల, జనం దాన్ని గుర్తించి కదిలే లోపే రెండో దాని కింద కలిసిపోతుంది.

సైరన్ గురించి పెద్ద వాదనే నడిచింది. మోగించామన్నది ప్రాజెక్టు వైపు మాట, వినపడలేదన్నది బతికి బయటపడ్డవాళ్ల మాట. నా మటుకు రెండూ నిజమే అయ్యుండవచ్చు. ఎందుకో కింద చెబుతాను. చివరికి 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయలు పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పి, ఆ భారాన్ని విద్యుత్ బోర్డుకు 60, కళాశాలకు 30, రాష్ట్ర ప్రభుత్వానికి 10 శాతంగా పంచింది. పంపకం వెనక ఒక ఒప్పుకోలు ఉంది. నదిలో దిగినవాళ్లదే తప్పు అని చేతులు దులుపుకోవడం కుదరదని కోర్టు తేల్చింది.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టే చిన్న వివరం ఒకటి: వాళ్లు చదువుతున్నది ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్. నీటిమట్టం, ప్రవాహం కొలిచే పరికరాల చదువు.

ఇలాంటిది మన దగ్గరే అనుకోనక్కర్లేదు. 2002 జూన్ 23న కెనడాలోని ఒంటారియోలో, మడవాస్కా నది మీది బారెట్ షూట్ జలవిద్యుత్ కేంద్రం దిగువన, వేసవి ఎండకు బండల మీద సేదతీరుతున్నవాళ్ల మీదికి గేట్ల నుంచి నీరు వచ్చింది. ఒక తల్లి, ఏడేళ్ల కొడుకు చనిపోయారు. విద్యుత్ సంస్థ మీద, ఇద్దరు ఉద్యోగుల మీద క్రిమినల్ కేసు నడిచి, చివరికి వీగిపోయింది. కేసు పోయినా పని మిగిలింది. డ్యామ్ కూలకుండా చూడటం ఒక పని, బాగా పనిచేస్తున్న డ్యామ్ వల్ల జనం చనిపోకుండా చూడటం వేరే పని అని అక్కడి ఇంజనీర్లు ఒప్పుకున్నారు. 2011లో కెనడా డ్యామ్ సంఘం దానికోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. లార్జిలోనూ కట్ట చెక్కుచెదరలేదు. గేట్లు చెప్పినట్టు తెరుచుకున్నాయి. మా రిజిస్టర్ల భాషలో ఆ రాత్రి ‘ఆపరేషన్ నార్మల్’.

ఇక నా సొంత కథ. ఆ కేంద్రం పేరు అవసరం లేదు. లార్జికి చాలా ఏళ్ల ముందు మాట, డిసెంబరు. గేట్లు మూసి ఉన్నాయి, డ్యామ్ కింద కృష్ణ మడుగులుగా, రాళ్ల మధ్య సన్నటి పాయలుగా ఉంది. సాయంత్రం ఆరు దాటాక ఫోన్ వచ్చింది. పీక్ లోడ్, అంటే వాడకం బాగా పెరిగే వేళ. రెండు యూనిట్లు, అంటే రెండు టర్బైన్ జనరేటర్లు ఎక్కించమన్నారు. రూలు ప్రకారం సైరన్ మూడుసార్లు కొట్టించాను. రిజిస్టర్లో సమయం రాసి సంతకం పెట్టాను. పది నిమిషాల తేడాతో రెండు యూనిట్లూ గ్రిడ్‌కు కలిశాయి. వేల క్యూసెక్కుల నీరు కిందికి దిగింది. అప్పుడు కింద రెండు పుట్లు వలలు తీస్తున్నాయి. ఒకటి బోల్తాపడింది. అందులోని ఇద్దరూ బండ పట్టుకుని బతికారు. పుట్టి, వల పోయాయి.

మర్నాడు పొద్దున్నే కంట్రోల్ రూమ్ గేటు దగ్గర ఒక పెద్దాయన తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. విశాఖ వైపు నుంచి ఎప్పుడో వచ్చి కృష్ణ ఒడ్డున స్థిరపడ్డ జాలరి కుటుంబం. గొడవకు వచ్చాడేమోనని సెక్యూరిటీవాళ్లు ఆపారు. నేను బయటికి వెళ్లి, సైరన్ కొట్టించానని, వినపడలేదా అని అడిగాను.

‘వినపడింది బాబూ. రోజూ వినపడుతుంది. షిఫ్టు మారినప్పుడు మోగుతుంది, ఒంటిగంటకు మోగుతుంది. అందులో నీళ్ల సైరన్ ఏదో మేం ఎలా పోల్చుకోవాలి?’

నాకు జవాబు దొరకలేదు. మా దగ్గర ఉన్నది ఒకటే సైరన్. మూడుసార్లు మోగితే నీళ్లని మా రూలు పుస్తకంలో ఉంది, ఆయన చేతిలో లేదు. వెళ్లేముందు ఇంకో మాట అన్నాడు. ‘మీ సైరన్ కంటే నీళ్లే ముందు చెబుతాయి బాబూ. కాలు పెడితే చల్లగా తగులుతాయి.’ అది నిజమే. టర్బైన్‌కు నీరు జలాశయం పైపొర నుంచి కాక లోతు నుంచి వస్తుంది. ఎండకు వేడెక్కిన మడుగులోకి ఆ చల్లదనం వచ్చి కలుస్తుంది. మా థర్మామీటర్లు బేరింగుల వేడి కొలిచేవి. నది చల్లబడటం ఎవరూ కొలవలేదు.

ఆ వారం ఒక పని చేశాను. నోటుబుక్కు పట్టుకుని కిందికి దిగి, జాలర్లు వల వేసే ఐదు చోట్ల నిలబడి, వాకీటాకీలో చెప్పి సైరన్ కొట్టించాను. మూడు చోట్ల వినపడింది. ఒకచోట కొండ మలుపు అడ్డం వచ్చి అస్సలు వినపడలేదు. ఐదో చోట, రాళ్ల మీది నుంచి నీళ్లు దూకే దగ్గర, నా పక్కనున్న హెల్పరు మాటే నాకు సరిగా వినపడలేదు, ఇక రెండు కిలోమీటర్ల అవతలి సైరన్ మాట ఎందుకు? పైన సైరన్ మోగింది, కింద వినపడలేదు. లార్జి వాదన చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఐదో చోటే. సైరన్ బాగోగులు మేం ఎప్పుడూ డ్యామ్ మీద నిలబడి, చెవులు మూసుకుని పరీక్షించేవాళ్లం. పరీక్షించాల్సింది బండ మీద నిలబడి.

పరిష్కారం ఇంజనీరు అనుకున్నంత తేలిగ్గా రాలేదు. మొదటి యూనిట్‌ను తక్కువ లోడ్‌లో అరగంట నడిపి, నదిని మెల్లగా లేపుదామన్నాను. మెషీన్ వాళ్లు ఒప్పుకోలేదు. మా దగ్గరున్న ఫ్రాన్సిస్ రకం టర్బైన్ తక్కువ లోడ్‌లో అదిరిపోతుంది, రన్నర్ (లోపల తిరిగే చక్రం) దెబ్బతింటుంది. వాళ్లన్నది సబబే. సరే, ఒక యూనిట్ పూర్తిగా ఎక్కించి, రెండోదానికి ముందు అరగంట ఆగుదామన్నాను. డిస్పాచ్ సెంటర్ నుంచి నవ్వు వినపడింది. ‘పీక్‌లో అరగంటా? అప్పటిదాకా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోకుండా మీరు పట్టుకుంటారా?’ బేరం పావుగంట దగ్గర తెగింది. అత్యవసరమైతే అదీ లేదు. షిఫ్టు సైరన్‌ను ఆపించి, గంట పెట్టించాం. సైరన్ నీళ్లకు మాత్రమే. వినపడని రెండు చోట్లకు మనిషిని పంపడమో, జాలర్ల పెద్దకు కబురు చేయడమో చేసేవాళ్లం. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ పని సులువైంది. ఐదు చోట్లా బండలకు ఎర్ర గీత గీయించాం, నీళ్లు అక్కడికొస్తే పుట్టి తీసేయాలని.

ఇక పడవల సంగతి. లార్జిలో చూసిందంతా, అంటే దారి ముందు మూసుకుపోవడం, అలలు కలిసిపోవడం, సైరన్ వినపడకపోవడం, పడవకూ అలాగే వర్తిస్తుంది. వాటికి తోడు పడవకే ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. డ్యామ్ కింద కట్టేసిన పడవకు తాడు పొట్టిగా ఉంటే, నీళ్లు లేచినప్పుడు పడవ లేవలేక ముక్కు కిందికి లాగబడి మునుగుతుంది. పడవ పోతే పోయింది, దాన్ని విప్పడానికి పరుగెత్తే మనిషితోనే భయం.

డ్యామ్ పైన సంగతి ఇంకా మోసకారి. రేడియల్ గేటు, అంటే వంపు తిరిగిన పెద్ద గేటు, కింది నుంచి తెరుచుకుంటుంది. నీళ్లు గేటు అడుగున దూసుకుపోతుంటే పైన నీటిమట్టం అద్దంలా ఉంటుంది. ఇంజను ఆగిన లాంచీ చప్పుడు లేకుండా గేటు వైపు జరుగుతుంది. ఒడ్డున ఒక చెట్టును గుర్తు పెట్టుకుని చూస్తే తప్ప జరుగుతున్న సంగతి తెలియదు. అందుకే డ్యామ్ ముందు బోయాల (నీటి మీద తేలే హద్దు గుర్తుల) గొలుసు ఉన్నచోట దాని లోపలికి పడవ పోకూడదని, లేనిచోట ఉన్నట్టే భావించాలని సరంగులకు చెబుతాను. ఇంజను ఆగితే మొదటి పని దాన్ని బాగుచేయడం కాదు, లంగరు వేయడం. ఈ క్రమం వాళ్లకు ఎక్కడానికి చాలా సమయం పడుతుంది. ఇంజను చెడితే చెయ్యి ముందు పానా మీదికే పోతుంది.

చిన్న ఆనకట్టలను చూసి ఎవరూ భయపడరు, నేను వాటికే ఎక్కువ భయపడతాను. ఆరేడు అడుగుల కట్ట మీది నుంచి నీళ్లు సమానంగా పొర్లుతుంటే, దాని పాదం దగ్గర నీరు వెనక్కి తిరిగి కట్ట వైపే దొర్లుతుంది. అందులో పడ్డది ఏదైనా అక్కడే తిరుగుతుంది. నురగలో గాలి ఎక్కువ, తేలే శక్తి తక్కువ కాబట్టి లైఫ్ జాకెట్ కూడా మాట నిలబెట్టుకోదు. 1975లో అమెరికాలోని బింగ్‌హాంటన్‌లో అలాంటి చిన్న డ్యామ్ దగ్గర రక్షించడానికి పడవలో వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలోనే ప్రాణనష్టం జరిగింది.

మన కృష్ణ మీద ఉన్న ఒక ప్రత్యేకమైన చిక్కు చెప్పి తీరాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్లవి ఏడు రివర్సిబుల్. విద్యుత్ మిగిలినప్పుడు అవే యంత్రాలు పంపుల్లా తిరిగి కింది నీటిని పైకి తోడతాయి. అంటే డ్యామ్ కింద నీళ్లు దిగువకే పోతాయన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. పంపింగ్ మొదలైతే టెయిల్ రేస్ (టర్బైన్ నీళ్లు నదిలోకి వచ్చే కాలువ) దగ్గర నీళ్లు డ్యామ్ వైపు లాగుతాయి. పుట్టివాడు అలవాటు కొద్దీ తెడ్డు వదిలేసి కూర్చుంటే కేంద్రం నోట్లోకి పోతాడు. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో నమ్మని ముఖాలు కనీసం రెండు ఉంటాయి. సౌర విద్యుత్ పెరిగేకొద్దీ ఈ తిప్పుళ్లు ఎక్కువవుతాయి. మధ్యాహ్నం ఎండ ఉన్నంతసేపు విద్యుత్ మిగులు, సూర్యుడు దిగగానే కొరత. ఆ కొరతను నిమిషాల్లో పూడ్చగలిగిన వాటిలో జలవిద్యుత్తు ఒకటి. చల్లబడ్డాక జనం నది ఒడ్డుకు వచ్చే వేళ కూడా అదే.

చట్టాలు లేవని కాదు. 2021లోనే డ్యామ్ భద్రతా చట్టం వచ్చింది, అంతర్దేశీయ నౌకల చట్టమూ వచ్చింది. మొదటిది అత్యవసర కార్యాచరణ ప్రణాళిక అడుగుతుంది, రెండోది పడవ రిజిస్ట్రేషన్, రక్షణ సామగ్రి అడుగుతుంది. గేటు ఆపరేటరు దగ్గర జాలర్ల పెద్ద ఫోన్ నంబరు ఉందా అన్నది నేను వెళ్లిన ప్రతిచోటా మొదట అడిగే ప్రశ్న. ఉందంటే వెంటనే చేయించి చూస్తాను. ఒకచోట ఆ నంబరు మనిషి చనిపోయి రెండేళ్లయిందట. ఫోన్ ఎత్తిన కోడలు విషయం చెప్పి, ‘ఇంతకీ మీరెవరండీ?’ అని అడిగింది.

పోయిన నెల పాత కేంద్రానికి వెళ్లాను. పెద్దాయన లేడు, ఆయన కొడుకు పుట్టి నడుపుతున్నాడు. మేం గీయించిన ఎర్ర గీత వెలిసిపోయి, వెతికితే గాని కనిపించడం లేదు. దానికి జానెడు కింద పసుపు రంగుతో ఇంకో గీత ఉంది, కొత్తది. ఎవరు గీశారని అడిగాను. తామే గీసుకున్నామన్నాడు.

‘మీ గీత దాకా నీళ్లొచ్చాక వల తీసుకుని పుట్టి తిప్పడానికి టైం చాలడం లేదండీ.’

పైకి వచ్చి షిఫ్టు ఇంజనీరుతో చెప్పాను. కుర్రాడు, శ్రద్ధగానే విన్నాడు. రిజిస్టర్ తెరిచి, రెండు గీతల్లో దేని మట్టం రాయమంటారని అడిగాడు. కింది దానిదని చెప్పి, టేపు తీసుకుని మళ్లీ ఇద్దరం మెట్లు దిగాం.